తరగతిలో ముందు నడచు విద్యార్థి

పాఠశాలల వార్షిక సంచికలలో చదువునందు వెనుకబడిన విద్యార్థులను గూర్చి వ్రాయుట వాడుకగా వచ్చుచున్నది. వారికి సాయంకాలపు తరగతు లెట్లు నడుపవలెను, ఏ పాఠము నెన్ని మారులు చెప్పవలెను, తలిదండ్రు లింటివద్ద చేయవలసిన దేమి, ఇట్టివి పలువురు పలుమారులు వ్రాసియున్నారు. అది న్యాయమే. ఈ సంవత్సరము మేము మఱియొక కొననున్న విద్యార్థిని గూర్చి వ్రాయదలచితిమి. ఉపాధ్యాయుడు నల్లబల్లమీద లెక్క సగము వ్రాయకమునుపే జవాబు తెలిసికొని కిటికీవంక చూచుచు కూర్చుండు బాలుడో బాలికయో ప్రతి తరగతిలోను ఒకరిద్దరుందురు. వారికి పాఠశాల చేయవలసిన దేమి?

"వాని కేమి, వాడే చదువుకొనును" అని ఉపాధ్యాయు లనుకొందురు. "దేవు డిచ్చిన తెలివి, ఎక్కడికి పోవును" అని తలిదండ్రు లందురు. క్రైస్తవ కుటుంబములలో తెలివికి తలాంతు అను పేరు గలదు. ఆ మాట మొదట ఒక తూకమునకును, ఆ తూకపు ధనమునకును పేరు. సువార్తలోని యుపమానములో ఒకడు దానిని మంటిలో పాతిపెట్టెను; ధనము పోలేదు గాని పెరుగనులేదు. తెలివి విషయములో నంతకంటె నష్టము గలదు. పాతిపెట్టిన తెలివి త్రవ్వి తీసినప్పుడు మొదటివలె నుండదు. దీనికి దూరదేశముల నిదర్శనములు వెదకనక్కరలేదు. నూరేండ్లకు పైబడిన కాలమున, మన విశాఖపట్టణముతో సంబంధము గల యిద్దరు బాలుర చరిత్రలే చాలును. వారి కథ చెప్పుటకు ముందు, అట్టి విద్యార్థిని గుర్తించుట యెట్లో కొంచెము చెప్పవలసియున్నది.

మార్కుల పట్టిక చూచిన చాలునని తోచును. చాలదు. తరగతిలో మొదటి మార్కు తెచ్చుకొనువాడు తఱచుగా శ్రద్ధ గలవాడు, చక్కని దస్తూరి గలవాడు, చెప్పినది చెప్పినట్లు చేయువాడు. ఇవి మంచి గుణములే. కాని మిక్కిలి తెలివిగల పిల్లవా డొక్కొక్కప్పుడు వీటిలో నే యొక్కటియు లేకయుండును. తెలిసిన లెక్కనే పదిమారులు చేయుమన్న వాడు విసుగుచెంది మానివేయును. దారి చూపకుండ జవాబు మాత్రము వ్రాయును, మార్కులు పోవును. పాఠమునకు సంబంధము లేనట్లు తోచు ప్రశ్న యడుగును, చుట్టునున్నవారు నవ్వుదురు, రెండు మూడు మారులు నవ్విన పిమ్మట ఆ ప్రశ్నలు నోట రావు. అల్లరివాడని పేరుపడిన బాలురలో కొందరు నిజముగా పని లేనివారే.

అమెరికాలో 1921వ సంవత్సరమున స్టాన్‌ఫర్డు విశ్వవిద్యాలయమునకు చెందిన టెర్మన్ పండితుడు ప్రతిభావంతులగు పిల్లలను బుద్ధి పరీక్షలచే నేరి, వారి జీవితములను తుదివరకు పరిశీలింప మొదలుపెట్టెను. సుమారు పదునైదువందలమంది యెన్నికయైరి. ఆ పరీక్ష వ్రాసియు గీటు దాటలేక మిగిలిపోయిన బాలురలో నిద్దరు, షాక్లీయు అల్వారెజ్జును, తరువాత భౌతికశాస్త్రమున నోబెల్ బహుమానములు పొందిరి. ఒకరు 1956లోను, మఱియొకరు 1968లోను. ఎన్నికయైనవారిలో ఒక్కరికిని ఆ బహుమానము రాలేదు. పరీక్షలు వ్యర్థమని మేము చెప్పుట లేదు. ఒక్క పరీక్షను నమ్మి పిల్లవాని పేరు కొట్టివేయరాదని మాత్రము చెప్పుచున్నాము.

మా తరగతులలో రేవు కూలీల బిడ్డలు, ఉక్కు కర్మాగారపు ఉద్యోగుల బిడ్డలు, జాలరిపేటల బిడ్డలు, పని వెదకికొనుచు ఒడిషానుండి వచ్చిన కుటుంబముల బిడ్డలు ఒకే బల్లమీద కూర్చుందురు. ఒకరి తెలివి ఒకరి తెలివివలె కనబడదు. జాలరిపేటనుండి వచ్చిన యొక బాలిక మా జ్ఞాపకమున నున్నది. ఆమె తరగతిలో నోరు మెదపదు. భిన్నముల లెక్క కాగితముమీద వ్రాయుమన్న తడబడును. తల్లి తెల్లవారుజామున వేలములో చేపలు కొని అమ్మును. నలుగురు స్త్రీలు కలసి కొన్న సరుకును ఎవరు పెట్టిన సొమ్మునుబట్టి వారికి పంచి, మంచుగడ్డ ఖర్చు, ఆటో బాడుగ తీసివేసి, ఎవరికెంత మిగులునో ఈ బాలిక నోటితోనే చెప్పును. అది అనుపాతపు లెక్క కాక మఱేమి? ఆమెను నల్లబల్లవద్దకు పిలిచి, ఆమె నోట చెప్పినదానిని చెప్పిన వరుసనే వ్రాయించితిమి. పుస్తకములోని పద్ధతి తన పద్ధతియేయని యామెకు తెలియుటకు ఒక వారము పట్టినది. కావున గుర్తించుటయనగా పరీక్ష పెట్టుట మాత్రమే కాదు. పిల్లవాడు బడి వెలుపల ఏమి చేయునో తెలిసికొనుటయు నందు చేరియున్నది.

ఇక ఆ యిద్దరు బాలుర సంగతి.

మొదటివాడు చంద్రశేఖర వెంకట రామను. 1888 నవంబరు 7వ తేదీన తిరుచిరాపల్లిలో జన్మించెను. తండ్రి చంద్రశేఖర అయ్యరుగారికి మన పట్టణమునందలి శ్రీమతి ఏ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపక పదవి లభించుటచే, 1892లో ఆ కుటుంబ మిచ్చటికి వచ్చెను. బాలుడు సెయింట్ అలోషియస్ పాఠశాలలో చదివెను. పదునొకండవ యేట మెట్రిక్యులేషను, పదుమూడవ యేట ఎఫ్.ఏ. పరీక్షలలో కృతార్థుడయ్యెను. తండ్రి గణిత భౌతికశాస్త్రములు బోధించువాడగుటచే ఇంటిలో పుస్తకములకు కొదువ లేదు. పిల్లవాడు తన యీడునకు మించిన పుస్తకము తీసినను అది నీకు తగదని యెవ్వరు ననలేదు. తరువాత చెన్నపట్టణపు ప్రెసిడెన్సీ కళాశాలలో బి.ఏ. తరగతిలో కూర్చున్నప్పుడు, ఆ చిన్నవానిని చూచి ఆంగ్లేయుడగు ఆచార్య ఎలియట్, నీ వీ తరగతివాడవేనా యని యడిగెనట. ఆ బాలుడే 1904లో భౌతికశాస్త్రమున బంగారు పతకముతో బి.ఏ.లో ప్రథముడుగా నిలిచెను.

మేము ముఖ్యముగా నెన్నదలచినది దాని తరువాతి సంగతి. ఎం.ఏ. చదువునప్పుడు భౌతికశాస్త్రాచార్యుడగు జోన్స్, ఈ విద్యార్థికి తరగతి పాఠములు అక్కరలేదని గ్రహించి, హాజరు నిర్బంధమును సడలించి, ప్రయోగశాలలో తనకు తోచిన పని చేసికొననిచ్చెను. ఆ పనినుండి పుట్టిన వ్యాసము 1906లో లండనునందలి ఫిలసాఫికల్ మ్యాగజైనులో అచ్చుపడెను. రామనునకు అప్పటికి పదునెనిమిదేండ్లు. ఇరువది రెండేండ్ల పిమ్మట, 1928 ఫిబ్రవరి 28వ తేదీన వెలుగునుగూర్చి యాతడు కనుగొన్న సంగతికి 1930లో నోబెల్ బహుమానము వచ్చినది లోకమెరిగినదే. జోన్స్ ఆచార్యుడు రామనున కేమి నేర్పెనో జనులు చెప్పుకొనరు. ఏమి అడ్డుపెట్టలేదో మాత్రము చెప్పుకొందురు. ఉపాధ్యాయునకు ఇదియు నొక కీర్తియే.

రెండవవాడు శ్రీనివాస రామానుజను. 1887 డిసెంబరు 22వ తేదీన ఈరోడులో పుట్టెను. అనగా రామనుకంటె ఒక సంవత్సరమైనను పెద్దవాడు కాడు. కుంభకోణములో టౌన్ హైస్కూలులో చదివెను. ఆ పాఠశాల వారీ బాలుని గుర్తింపలేదని యెవ్వరు ననజాలరు. పండ్రెండు వందలమంది విద్యార్థులకును, సుమారు ముప్పదియైదుగురు ఉపాధ్యాయులకును సరిపడునట్లు పాఠముల పట్టిక తయారుచేయు పనిని గణితోపాధ్యాయు డీ బాలునికే యప్పగించుచుండెను. ఇట్టి పట్టిక వేయుట యెంత తలనొప్పియో మా ప్రధానోపాధ్యాయులను అడిగి తెలిసికొనవచ్చును. 1904లో గణిత బహుమాన మిచ్చునప్పుడు ప్రధానోపాధ్యాయుడు కృష్ణస్వామి అయ్యరు, ఈ విద్యార్థికి నూటికి నూరుకంటె నెక్కుడు మార్కులు రావలసినదని సభలో చెప్పెను. ఉపకారవేతనముతో కుంభకోణపు ప్రభుత్వ కళాశాలలో చేరెను. అచ్చట గణితము తప్ప తక్కిన వానిని విడిచివేసెను; ఆంగ్లములో తప్పెను; ఉపకారవేతనము పోయెను. ఇంటివారికి రుసుము కట్టు శక్తి లేదు. 1905 ఆగస్టులో, పదునేడేండ్ల ప్రాయమున, ఎవ్వరికిని చెప్పక రైలెక్కి పారిపోయెను. పారి వచ్చినది మన విశాఖపట్టణమునకే.

రామను ఈ పట్టణములో చదువు ముగించి వెళ్లిన కొలది కాలమునకే రామానుజ నీ పట్టణములో దిక్కు తోచక తిరిగినాడు. ఆ దినములలో ఇచ్చట ఎవరికైనను ఈ దేశాంతరపు కుఱ్ఱవాని మనస్సులో నేమున్నదో తెలిసియుండునా? కొంతకాలమునకు తిరిగి యిల్లు చేరెను. 1906లో చెన్నపట్టణమున పచ్చయప్ప కళాశాలలో చేరి మరల గణితమున మెఱసి, శరీరశాస్త్రము మొదలగువానిలో తప్పి, 1907లో నింకొకమారు తప్పి, పట్టము లేకుండ మిగిలెను.

ఇందులో నెవరిని నిందింపవలెను? రామనునకు ఆంగ్లముకూడ చక్కగా వచ్చును. కావున పరీక్షల నియమ మాతనిని బాధింపలేదు. ఇంటిలో చదువుకొన్న తండ్రి యుండెను. రామానుజను తండ్రి బట్టల కొట్టులో గుమాస్తా. ఇద్దరికిని ఒకటే నియమము, ఒకటే రాజధాని, ఒకటే కాలము. ఒకనికి ముందునున్న తలుపులు తెరచియుండెను, ఒకనికి మూతపడెను. మా యభిప్రాయమేమనగా, రామానుజనుకు మెప్పు కొదువ కాలేదు. బహుమానములు, పొగడ్తలు బడిలోనే దొరకినవి. కొదువయైనది ఒక్కటే: నీ కీ ఆంగ్ల మక్కరలేదని నీ కిప్పుడు తోచుచున్నది గాని, దీనిలో గట్టెక్కిననే నీ గణితము నిలుచును, రమ్ము, దినమున కొక గంట నాయొద్ద కూర్చుండుమని పట్టుకొని కూర్చుండబెట్టిన మనుష్యుడు.

రేవు పట్టణపు వారమగుటచే నింకొక సంగతి చెప్పక విడువజాలము. రామానుజను 1912 మార్చిలో చెన్నపట్టణపు రేవు కార్యాలయములో నెలకు 30 రూపాయల గుమాస్తాగా చేరెను. అచ్చటి ప్రధాన గణకుడు నారాయణ అయ్యరు స్వయముగా గణితజ్ఞుడు. సాయంకాలములందు పలకలమీద ఆ గుమాస్తాతో కలసి లెక్కలు చేయుచుండెను. పై యధికారి సర్ ఫ్రాన్సిస్ స్ప్రింగు సహాయపడెను. 1913 జనవరిలో కేంబ్రిడ్జి పండితుడగు హార్డీకి జాబు వ్రాయుటయు, ఆ సంవత్సరమే చెన్నపురి విశ్వవిద్యాలయము నెలకు 75 రూపాయల పరిశోధక వేతనము నిచ్చుటయు, 1914లో ఇంగ్లండు ప్రయాణమును, 1918లో రాయల్ సొసైటీ సభ్యత్వమును వరుసగా జరిగెను. 1920లో ముప్పదిరెండేండ్లకే మరణము. కళాశాల విడిచిన బాలుని చేరదీసినది రేవు కార్యాలయము. హార్డీ చేసిన పనియు నుపాధ్యాయులు గమనింపదగినదే. రామానుజనుకు నవీన గణితములో తెలియనివి చాల గలవు. అవి నేర్పకున్న పని సాగదు. క్రమముగా బడిపిల్లవానికివలె నేర్పిన నాతని సహజమగు ఊపు చెడును. కావున ఆతడు చేయుచున్న పనిలో నవసరము పడినప్పుడు, పడినంత మేరకు చెప్పుచు వచ్చెను.

అట్టి మహామేధావులు మన తరగతులలో నున్నారా యని చదువరు లడుగవచ్చును. ఉండకపోవచ్చును. యాబదిమంది గల తరగతిలో ముగ్గురు నలుగురు మాత్రము తక్కినవారికంటె చాల వేగముగా నడచువారుందురు. వారికి కావలసినదియు నదియే జాతిది, తక్కువ పరిమాణములో. తరగతిలో మేము చేయుచున్న పనిని గూర్చి యిక వ్రాసెదము.

తెలిసినదానిని మరల చేయింపకుండుట మొదటి పని. క్రొత్త పాఠము మొదలుపెట్టునప్పుడు ఆ పాఠము చివరనుండు కఠినమైన లెక్కల నైదింటిని ముందే యిత్తుము. నాలుగు సరిగా చేసినవాడు అభ్యాసములోని తక్కిన లెక్కలు చేయనక్కరలేదు. వానికి వేఱు పని. ఈ వేఱు పనియందే పొరపాటు జరుగుటకు వీలున్నది. పది లెక్కలు త్వరగా చేసినవానికి ఇంకొక పది యిచ్చుట బహుమానము కాదు, శిక్ష. రెండు వారములలో ఆ పిల్లవాడు మెల్లగా చేయుట నేర్చుకొనును. బడి నేర్పినది అదియే యగును. ఎక్కువ పని కాదు, లోతైన పని కావలెను.

ఉదాహరణము: ఎనిమిదవ తరగతిలో వర్గములు చెప్పుచున్నాము. ముందుగా ముగించిన యొక బాలునకు గుప్పెడు చింతగింజలిచ్చి, బేసి సంఖ్యలను వరుసగా కూడుచు పొమ్మంటిమి. ఒకటి, ఒకటియు మూడును కలసి నాలుగు, వానికి అయిదు చేర్చిన తొమ్మిది, ఏడు చేర్చిన పదునారు. ఎప్పుడును వర్గమే వచ్చుచున్నది. ఎందుచేత? అతడు ఒక పీరియడంతయు గింజలు పేర్చుచునే యుండెను. మఱునాడు నాలుగు గింజల చతురస్రమునకు ఒక ప్రక్కను, పైనను, మూలను గింజలు చేర్చిన సరిగా అయిదు పట్టి తొమ్మిది గింజల చతురస్రమగుననియు, దానికి ఏడు పట్టుననియు తానే చూపెను. ఖర్చు లేదు, పుస్తకము లేదు. ఉపాధ్యాయునకు పట్టిన కాలము రెండు నిమిషములు. తెలుగు తరగతిలో చక్కగా వ్రాయు బాలిక కింకొక వ్యాస మియ్యక, జాలరులు గాలులకును, వలలకును, చేపలకును చెప్పు పేరులు సేకరించి నిఘంటువు వరుసలో వ్రాసి తెమ్మంటిమి. ఆ నోటుపుస్తకము ఇప్పుడు మా గ్రంథాలయములో నున్నది. మాకు తెలియని మాటలందు చాల గలవు.

తెలివిగలవానిని ఉపాధ్యాయుని సహాయకునిగా వాడుకొనుట మనలో నలవాటు. తరగతి నాయకుడు వాడే, నోటుపుస్తకములు దిద్దువాడు వాడే, వెనుకబడినవారికి చెప్పువాడు వాడే. వారమున కొకమారు తోటివానికి విడమరచి చెప్పుట ఇద్దరికిని మేలే. చెప్పుటలో తన లోపము తనకు తెలియును. ప్రతిదినము నదే పనియైన వాడు చదువు మాని కొలువు చేయుచున్నవాడగును. తోటివారికి వానిమీద నసూయయు గలుగును.

తప్పుట తెలియని పిల్లవాడు కూడ ప్రమాదములో నున్నవాడే. పదవ తరగతివరకు కష్టమన్నది లేకుండ గడచి, ఇంటర్మీడియేటులో మొదటిమారు లెక్క కుదరనప్పుడు, తన తెలివి పోయినదని దిగులుపడి మంచము పట్టినవారిని మే మెరుగుదుము. కావున నెలకొక్కటియైనను వానికి లొంగని ప్రశ్న నిచ్చి, జవాబు రాకున్నను రెండు దినములు దానితో పెనగుట మామూలు సంగతియే యని యలవాటు చేయవలెను. బలహీనమైన పాఠము నొకటి యెన్నుకొని దానికి సమయము కేటాయింపవలెను. రామానుజను ఆంగ్లమును మఱువరాదు.

తరగతి దాటించుటను గూర్చి తలిదండ్రు లడుగుచుందురు. రామను కాలములో పదునొకండేండ్లకే మెట్రిక్యులేషను వ్రాయ వీలాయెను. నేడు వయస్సు నిబంధనలు గలవు. అమెరికాలో 2004లో వెలువడిన యొక నివేదికలో, తగిన పిల్లలను ముందుకు నడిపించుట సాధారణముగా మేలే చేయుచున్నదని పండితులు వ్రాసిరి. పిల్లవాని మొత్తము తరగతి మార్చుటకంటె, వానికి బలమున్న పాఠములో దినమున కొక పీరియడు పై తరగతిలో కూర్చుండబెట్టుట మాకు మేలుగా తోచినది. ఆటలలో వాడు తన యీడువారితోనే యుండును. 2020 నాటి జాతీయ విద్యా విధానము సైతము ఇట్టి పిల్లలకు అదనపు సామగ్రి నిచ్చి ప్రోత్సహింపవలసినదని ఉపాధ్యాయులకు చెప్పుచున్నది.

ఇక తలిదండ్రులకు రెండు మాటలు. ఆరవ తరగతినుండియే ఐ.ఐ.టి. పునాది తరగతులని, ర్యాంకులని గోడల నిండ ప్రకటనలు వేయు విద్యాలయములు చురుకైన పిల్లవాని కొఱకు మీ యింటికే వచ్చి, రుసుము మానివేసెదమని చెప్పుదురు. పేద తండ్రికి అది యెంత యాశ గొల్పునో మాకు తెలియును. అట్టివారిని తప్పుపట్టుట లేదు. ఒప్పుకొనుటకు ముందు ఒకటి మాత్ర మడిగి తెలిసికొనుడు: అచ్చట బిడ్డకు ఆటకును, తనకిష్టమైన పుస్తకమునకును, ఊరక ఆలోచించుకొనుటకును దినములో నెంత కాలము మిగులును? లేదని జవాబు వచ్చిన యెడల, వారు కోరునది మీ బిడ్డను కాదు, వాని ర్యాంకును.

మన పట్టణములోనే మఱియొక దారి కనబడును. సంఖ్యాశాస్త్రమున జగత్ప్రసిద్ధులైన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1920 సెప్టెంబరు 10వ తేదీన జన్మించిరి. పదిమంది సంతానములో నెనిమిదవవారు. తల్లి లక్ష్మీకాంతమ్మగారు ప్రతిదినము తెల్లవారుజామున నాలుగు గంటలకు లేపి, చదువుకొనుటకు నూనెదీపము వెలిగించెడివారని ఆయన తరువాత తన గ్రంథమును తల్లికి అంకితమిచ్చుచు చెప్పుకొనిరి. శ్రీమతి ఏ.వి.ఎన్. కళాశాలలో ఆయనకు లభించిన ఉపకారవేతనము చంద్రశేఖర అయ్యరుగారి పేరిటిది, అనగా రామను తండ్రిగారి పేరిటిది. ఒక కుటుంబపు జ్ఞాపకార్థముగా పెట్టిన సొమ్ము ఇంకొక కుటుంబపు బిడ్డకు చేరినది. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితమున ఎం.ఏ. ముగించి, 1945లో ప్రకటించిన యొక్క వ్యాసముతో ఆయన పేరు లోకమంతట నిలిచెను. 2023లో నూటరెండవ యేట అంతర్జాతీయ సంఖ్యాశాస్త్ర బహుమానము నందుకొని, ఆ సంవత్సరమే ఆగస్టులో పరమపదించిరి.

నేటి బిడ్డలకును సహాయములు గలవు. ఎనిమిదవ తరగతి చదువుచు, ప్రభుత్వ పాఠశాలలలోను ఎయిడెడ్ పాఠశాలలలోను నున్న పేద విద్యార్థులు జాతీయ ఉపకారవేతన పరీక్ష వ్రాసి నెగ్గినయెడల, తొమ్మిదవ తరగతినుండి పండ్రెండవ తరగతివరకు సంవత్సరమునకు 12,000 రూపాయలు వచ్చును. ఆరవ తరగతి ప్రవేశమునకు నవోదయ విద్యాలయపు పరీక్ష గలదు. అందు నూటికి డెబ్బదియైదు స్థానములకు తక్కువ కాకుండ గ్రామీణ బాలబాలికలకే. ఆదాయ ధ్రువపత్రము సకాలమున దొరకక దరఖాస్తు నిలిచిపోవుట తఱచు జరుగుచున్నది గనుక, ఆ కాగితములు ముందుగానే సిద్ధము చేసికొనవలెనని తలిదండ్రులను కోరుచున్నాము.

వచ్చు జూన్ నెలలో పాఠశాల తెరచిన పిమ్మట మొదటి పక్షములోనే తరగతి ఉపాధ్యాయులు ప్రతి విద్యార్థిని గూర్చి యొక కార్డు వ్రాసి ఉంచుదురు. మీ బిడ్డ యింటివద్ద ఏ వస్తువులను విప్పి చూచుచుండునో, ఏమి లెక్కించుచుండునో, ఏ ప్రశ్న లడుగుచుండునో రెండు మూడు వాక్యములు వ్రాసి పంపుడు. వ్రాయుట రాని తల్లులు శనివారము మధ్యాహ్నము వచ్చి నోటితో చెప్పినయెడల మేము వ్రాసికొందుము.